అక్కయమ్మ తుడవని చెమట

బాస్కెట్‌బాల్ ఆటలో ఎవరైనా కిందపడితే చెక్కనేల మీద చెమట మరక మిగులుతుంది. దాని మీద ఇంకొకరు కాలు వేస్తే జారతారు. అందుకని రెఫరీ విజిల్ వేసి వేలితో చూపిస్తాడు. కోర్టు మూలలో స్టూలు మీద కూర్చున్న మనిషి తువ్వాలు పట్టుకుని పరుగెత్తాలి, మోకాళ్ల మీద వంగి తుడవాలి, మళ్లీ పరుగెత్తి వెనక్కి రావాలి. పది సెకన్ల పని. మా హాల్లో ఆ పని చేసింది అక్కయమ్మ. ఆమెకు యాభై మూడేళ్లని ఆధార్ కార్డులో ఉంది. ఆ లెక్క మీద ఆమెకే నమ్మకం లేదు.

టీవీలో మా మ్యాచ్‌లు చూసినవాళ్లు ఎవరైనా ఉంటే, వాళ్లకు ఆమె కనపడి ఉండదు. ఆ పది సెకన్లూ కెమెరా టీషర్టులు విసిరే యాంకర్ మీదికి పోతుంది. నేను మాత్రం చూసేవాణ్ణి. స్కోర్‌బోర్డు మీటలు నొక్కడం నా ఉద్యోగం. గడియారం ఆగితేనే ఆమె కోర్టు మీదికి రావాలి, గడియారం ఆపేది నేను. ఆ పని మీదే మా ఇద్దరికీ పరిచయం అయింది.

మా జట్టు పేరు బెంగళూరు సిల్క్ క్వీన్స్. దొడ్డబళ్ళాపురంలో మరమగ్గాలూ బళేపేటలో పట్టుచీరల దుకాణమూ ఉన్న ఒక కుటుంబం దాన్ని కొన్నది. ఆడవాళ్ల ప్రొఫెషనల్ లీగ్ ఒకటి కొత్తగా మొదలైంది, ఎనిమిది జట్లు, ఒక్కో జట్టుకు పద్నాలుగు మ్యాచ్‌లు. మొదటి రోజు పన్నెండు మంది ఆటగత్తెలకూ పట్టుచీరలు కట్టి, చేతికి బంతులిచ్చి ఫోటోలు తీశారు. ఆరడుగుల పిల్లలు కావడంతో కుచ్చిళ్లు చీలమండల పైకి లేచిపోయి కింద బూట్లు కనపడ్డాయి. ఆ ఫోటోతోనే ఊరంతా ఫ్లెక్సీలు కట్టారు. చీరల అమ్మకం పెరిగిందో లేదో తెలియదు. మ్యాచ్‌లకు మాత్రం ఏ రోజూ మూడు వందల మంది దాటలేదు. వాళ్లలో సగం మంది పాసుల మీద వచ్చినవాళ్లు.

హాలు వర్తూరు దాటాక ఉంది. వాన పడిన రోజు వెనక తలుపులు తెరిస్తే పక్కనున్న చెరువు కంపు రింగు దాకా వస్తుంది. ఆ చెరువు చుట్టూ లేచిన అపార్ట్‌మెంట్లలో కనీసం పదింటికి అక్కయమ్మ కంకర మోసింది. మడకశిర పక్క పల్లెలో పుట్టి, పదహారో ఏట పెళ్లయిన నెలకే మొగుడు గంగన్న వెంట ఇక్కడికొచ్చింది. గంగన్న బేల్దారి మేస్త్రీ, ఆమె అతనికి సిమెంటు అందించే కూలి. గోడలు లేవగానే వాళ్ల రేకుల గుడిసె ఇంకో చోటికి కదిలేది. ముప్పై ఏళ్లలో ఎన్ని చోట్ల ఉన్నారో అడిగితే వేళ్లు మడిచి లెక్కపెట్టడం మొదలుపెట్టి మధ్యలో వదిలేస్తుంది. గంగన్న పోయాక ఇంకొన్నాళ్లు మోసింది. తర్వాత మోకాళ్లు మాట వినక హౌస్‌కీపింగ్ ఏజెన్సీలో చేరింది. ఏజెన్సీ ఆమెను ఈ హాలుకు పంపింది.

నీడలో పని, తల మీద ఫ్యాను, కూర్చోడానికి స్టూలు. ఇలాంటి పని ఉంటుందని ఆమె ఎప్పుడూ అనుకోలేదు. అందుకే దాన్ని ఎవరైనా లాక్కుంటారేమో అన్నట్టు చేసేది. వారం తిరక్కుండానే ఏ పిల్ల ఎటువైపు పడుతుందో ఆమెకు తెలిసిపోయింది. విజిల్ మోగేసరికి స్టూలు మీద నుంచి సగం లేచి ఉండేది. తువ్వాలుతో మూడు సార్లు తుడిచి, చివర్న అరచేతి వెనక భాగం నేలకు ఆనించి చూసేది. అరచెయ్యి మొద్దుబారిందట, సిమెంటు తినేసిందట, తడి తెలియదట. చేతి వెనక తోలుకు ఇంకా తెలుస్తుందట.

“మూలన కూసోని నిద్రపోయే పని అని పంపిరి నన్ను,” అందొకసారి నాతో. “నేను రెప్ప కొడితే ఆ పిల్లోళ్ల కాళ్లు పోతాయి కదప్పా.”

ఆ పిల్లల్లో ఆమెకు దగ్గరైంది జెస్సీ. చీరాల అమ్మాయి. తండ్రికి హైవే పక్కన లారీ టైర్ల దుకాణం. ఇరవై నాలుగేళ్లు, జట్టులో అందరికంటే పొట్టి, అందరికంటే వేగం. బంతి తీసుకుని పొడుగాటి వాళ్ల మధ్యలోంచి దూరి రింగు కిందికి పోవడం, వాళ్లు గుద్దితే కిందపడటం ఆమె ఆట. కాబట్టి అక్కయమ్మ ఎక్కువగా తుడిచింది జెస్సీ చెమటే.

“మీ పేరేంటండీ?” అని మొదటి వారంలో అడిగింది జెస్సీ.

“అక్కయమ్మ.”

“అక్కా, అమ్మా రెండూ మీరేనా? ఇంక నేనేమని పిలవాలి?”

“ఎట్ల పిలిసినా వస్తా పాపా. విజిల్ ఏస్తే సాలు.”

ఆ రోజు నుంచి పెద్దమ్మా అని పిలిచేది. ప్రాక్టీసులో పడ్డప్పుడల్లా అక్కయమ్మ తువ్వాలు విదిలిస్తూ వచ్చి గొణిగేది. “ఆడపిల్లవి ఇట్ల పడితే ఎట్లమ్మా? పొద్దస్తమానం నీ ఎనకాలే తిరగల్ల నేను.”

“పడకపోతే మీకు పనేముంటది పెద్దమ్మా? మీ ఉద్యోగం నిలబెట్టేది నేనే. కాఫీ ఇప్పించండి.”

జెస్సీకి ఈ సీజన్ ఎందుకు ముఖ్యమో అందరికీ తెలుసు. ఒక ప్రభుత్వ సంస్థలో స్పోర్ట్స్ కోటా కింద ఆమె ఎంపికైంది. సీజన్ అయ్యాక జట్టు ఇచ్చే కాగితం చూసి చేర్చుకుంటారు. ఆటలు ఆడే పిల్లలకు మన దగ్గర దొరికే మోక్షం అంతే, ఒక ఆఫీసులో కుర్చీ. ఆ కుర్చీ కోసం పదకొండేళ్లుగా బంతి కొడుతోంది.

మొదటి ఐదు మ్యాచ్‌లలో నాలుగు గెలిచాం. జెస్సీ పేరు మీద ఒక బ్యానర్ కూడా వెలిసింది. ఆరో మ్యాచ్ విజయదశమి సాయంత్రం మా హాల్లోనే. ముందు రోజు ఆయుధపూజ.

ఈ ఊళ్లో ఆయుధపూజ ఎలా చేస్తారో చెప్పాల్సిన పనిలేదు. బస్సుకూ లేతు మిషన్‌కూ కంప్యూటర్‌కూ అన్నిటికీ బొట్లు పడతాయి. మా మేనేజర్ అభిజిత్ హైదరాబాద్ వాడు, ఇంతకుముందు ఏదో యాప్ కంపెనీలో మార్కెటింగ్ చేసినవాడు. అతనికి ఇందులో మంచి వీడియో కనపడింది. రింగు స్తంభాలకు అరటి పిలకలు కట్టించాడు. కోర్టు పక్కన బల్ల వేసి దాని మీద బంతులు, పన్నెండు జతల బూట్లు, రెఫరీ విజిల్, నా స్కోర్‌బోర్డు పెట్టె, చివరికి కెమెరా కూడా పెట్టించి పసుపు కుంకుమ పెట్టించాడు. పురోహితుడు వచ్చాడు. గేటు దగ్గర బూడిద గుమ్మడికాయ పగలగొట్టారు. జెస్సీ కూడా అందరితో పాటు బూట్లు పెట్టింది, పురోహితుడు బొట్టు పెడితే పెట్టించుకుంది, బొరుగులూ పుట్నాలూ చేతినిండా తీసుకుని తింటూ కూర్చుంది.

అక్కయమ్మ తన మాపు తెచ్చింది. జట్లు కాసేపు ఆట ఆపించే టైమ్ అవుట్లలో కోర్టంతా లాగడానికి ఒక పొడుగాటి మాపు ఉంటుంది. చెక్క కర్ర, కింద బారెడు ఇనుప పట్టీ, దానికి తొడిగే గుడ్డ. గుడ్డ తీసేసి, ఉతికి, కర్ర కడిగి తెచ్చి బల్లకు ఆనించింది.

“అక్కయమ్మా, మాప్ వద్దు,” అన్నాడు అభిజిత్. “ఫ్రేమ్‌లో బాగోదు. పక్కన పెట్టెయ్యి.”

కోపంగా అనలేదు. కర్టెన్ పక్కకు జరపమన్నట్టు అన్నాడు. ఆమె తీసుకెళ్లిపోయింది.

గంగన్న ఉన్నన్నాళ్లూ ఈ రోజున తాపీ, మట్టపు కర్ర, తూకం గుండు, సిమెంటు మోసే బాండ్లీ అన్నీ కడిగి, ఇనుముకు ఆముదం రాసి, బొట్లు పెట్టి గోడకు వరసగా నిలబెట్టేవాడట. అన్నం పెట్టే వస్తువుకు ఆ ఒక్క రోజు చాకిరీ లేదు. తెల్లారి దండం పెట్టుకుని మళ్లీ చేతికి తీసుకోవాలి. ఇనుముకు నూనె రాయకపోతే పూజ లెక్కలోకి రాదని ఆ పనివాళ్ల నమ్మకం. అక్కయమ్మ స్టోర్ రూమ్‌లో ఒక్కతే కూర్చుని అదే చేసింది. ఇనుప పట్టీకీ కర్ర కలిసే కీలుకూ చిన్న సీసాలోంచి ఆముదం పోసి రాసింది. పసుపు పెట్టింది, కుంకుమ పెట్టింది, కర్పూరం వెలిగించింది. నేను కేబుల్ తీసుకోడానికి వెళ్లి చూశాను. ఇంత బొరుగులు నా చేతిలో కూడా పెట్టింది. తిన్నాను. నాకూ ఏమీ తట్టలేదు.

మరుసటి సాయంత్రం ఆ పట్టీకి ఉతికిన గుడ్డ తొడిగి, మాపుకు దండం పెట్టుకుని కోర్టు మీదికి దిగింది. నేలకు నీళ్లు తగలకూడదు, ఫినాయిల్ తగలకూడదు, ఏదీ పూయకూడదని చేరిన రోజే చెప్పారు. ఆ మాటను ఆమె ఒక్కనాడూ తప్పలేదు. నేలకు ఆమె ఏమీ పూయలేదు.

మొదటి సగం ఏమీ కాలేదు. మూడో క్వార్టర్‌లో వాన మొదలైంది, హాల్లో ఉక్క పెరిగింది. అవతలి జట్టు టైమ్ అవుట్ అడిగింది. అక్కయమ్మ రింగుకు ఎడమ పక్క, అంటే జెస్సీ ఎప్పుడూ దూరే చోట, రెండు సార్లు గట్టిగా అదిమి లాగింది. ఆ చోటంటే ఆమెకు ప్రత్యేకంగా జాగ్రత్త.

ఆట మళ్లీ మొదలైన పదమూడు సెకన్లకు జెస్సీ ఎడమ పక్కనుంచి వచ్చింది. కుడికి తిరగబోతూ ఎడమ కాలు ఊనింది. ఆ కాలు ఆగలేదు. సబ్బు మీద పోయినట్టు పోయింది. ఒళ్లు ఒక వైపు, మోకాలు ఒక వైపు తిరిగాయి. ఆమె అరవలేదు. నేల మీద అరచేత్తో టపటపా కొట్టింది. నేను గడియారం ఆపాను.

స్ట్రెచర్ వచ్చి తీసుకెళ్లాక రెఫరీ ఆ చోటు చూపించాడు. అక్కయమ్మ తువ్వాలుతో వెళ్లి వంగింది. చేతి వెనక భాగం నేలకు ఆనించింది. తర్వాత ఆ చేతిని ముక్కు దగ్గరికి తెచ్చుకుంది. అలా ఎంతసేపు ఉండిపోయిందంటే రెఫరీ మళ్లీ విజిల్ వేయాల్సి వచ్చింది. అప్పుడు తుడవడం మొదలుపెట్టింది. తువ్వాలుతో, తర్వాత కొంగుతో, నేల అరిగిపోతుందేమో అన్నట్టు తుడిచింది. ఇంకొక పిల్ల జారకూడదని తుడిచింది. నూనె జాడ అక్కడితో పోయింది.

ఆ మ్యాచ్ ఓడాం.

పది రోజుల తర్వాత ఉదయం హాలు గేటు బయట టీ బండి దగ్గర అక్కయమ్మ నన్ను పట్టుకుంది. అప్పటికి సంగతి అందరికీ తెలిసింది. జెస్సీ మోకాల్లో లిగమెంటు తెగింది. స్కానింగ్‌లో అదే చోట పాత చీలిక గుర్తు కూడా కనపడింది. పంతొమ్మిదో ఏట తగిలిన దెబ్బ. ఆ తర్వాత ఐదేళ్లు దాని మీదే ఆడింది. చేరేటప్పుడు నింపిన ఫారంలో పాత గాయాల గడి ఖాళీగా వదిలేసింది. అందరూ ఖాళీగానే వదులుతారు. కోచ్ వరూధినికి నోటిమాటగా చెప్పిందట. వరూధిని ఇప్పుడు ఆ మాట ఎత్తడం లేదు. గాయం ఎలా అయిందో రాసి పంపమని లీగ్ అడిగితే, ‘పాత గాయం దాచిపెట్టి ఒప్పందం మీద సంతకం చేసింది’ అని అభిజిత్ కాగితం తయారుచేశాడు. శుక్రవారం పంపుతారు. ఆ ఒక్క వాక్యం చాలు. ఉద్యోగం ఇవ్వాల్సిన ఆ సంస్థ ఆమెను గుమ్మం కూడా తొక్కనివ్వదు.

“అది ఆముదమప్పా,” అంది అక్కయమ్మ. “మాపుకు రాసిందే. గుడ్డలోంచి దిగిండాది.”

“తెలుసు,” అన్నాను. ఆమె చెయ్యి వాసన చూసుకున్నప్పుడే నాకు అర్థమైంది. పది రోజులు నేనూ నోరెత్తలేదు. ఆ సంగతి ఆమె అడగలేదు, నేను చెప్పలేదు.

“నేను పోయి సారుకు చెప్తా.”

“ఉద్యోగం పోతుంది.”

“పోతే పోనీ.” టీ గ్లాసు చేతిలో తిప్పుతూ కూర్చుంది. “మా ఆయప్ప పరంజా మీంచి పడిపాయె. తాగి పడినాడని కాగితం రాసిరి. కట్టిన తాడు ఒదులుగా ఉండిందని అందరికీ తెలుసు. ఒక్కరూ నోరు తెరవలే.”

“ఆయన తాగేవాడు కాదా?”

“తాగేటోడేనప్పా. ఏమిటికి అబద్ధం చెప్పల్ల? ఆ పొద్దు తాగలే. అంతే.”

అభిజిత్ ఆమె చెప్పిందంతా విన్నాడు. నేను తలుపు దగ్గర నిలబడ్డాను. అతను చెడ్డవాడని రాయాలని నాకు చాలా కోరికగా ఉంది కానీ, చెడ్డవాడు కాదు. ఆమెకు కుర్చీ కూడా చూపించాడు.

“ఆయిల్ ఉందని ప్రూఫ్ ఏముంది అక్కయమ్మా? నువ్వే తుడిచేశావు కదా.”

“తుడవకపోతే ఇంకో పాప పడుండు సార్.”

“కరెక్టే. మంచి పనే చేశావు. కానీ ఇప్పుడు నన్నేం రాయమంటావు? ఆయుధపూజ చేస్తే ప్లేయర్ కాలు విరిగిందని రాయనా? సోషల్ మీడియాలో మనల్ని ఏం చేస్తారో ఐడియా ఉందా నీకు? మన వీడియో రెండు లక్షల మంది చూశారు. ఓనర్ గారింట్లో ఆ ఫోటో ఫ్రేమ్ కట్టించుకున్నారు.”

“నేను చేసిన పూజ సార్ అది. మీరు చేసింది కాదు.”

“బయటివాళ్లకు రెండూ ఒకటే. నువ్వు నాకేం చెప్పలేదు, నేనేం వినలేదు. వెళ్లు, పని చూసుకో.”

ఆమె బయటికొచ్చి మెట్ల మీద కూర్చుంది. “తిడతాడనుకుంటినప్పా,” అంది. తిట్టి ఉంటే కాస్త తేలికపడేదేమో.

గురువారం పొద్దున తనను జెస్సీ దగ్గరికి తీసుకెళ్లమంది. వర్తూరులో ఒక అపార్ట్‌మెంటు నాలుగో అంతస్తులో జట్టు పిల్లల ఫ్లాటు. మిగతావాళ్లు ప్రాక్టీసుకు వెళ్లారు. జెస్సీ సోఫాలో కాలు చాపుకుని ఉంది. తొడ నుంచి పిక్క దాకా పట్టీ. పక్కన సగం సర్దిన పెట్టె.

“రండి పెద్దమ్మా. కాఫీ మాత్రం మీరే పెట్టుకోవాలి.”

అక్కయమ్మ నేల మీద కూర్చుని మొత్తం చెప్పింది. మధ్యలో ఏడవలేదు. ఆముదం సీసా ఎక్కడ కొన్నదో, ఎన్నిసార్లు లాగిందో కూడా చెప్పింది. జెస్సీ ముఖం మెల్లగా మూసుకుపోయింది.

“ఎందుకు చెప్పారు నాకు?” అంది చివరికి. “చెప్పకపోతే నా టైమ్ బాలేదనుకుని పోయేదాన్ని.”

“నీ తప్పు లేదని కాగితంలో రాయల్ల కదమ్మా. నేను చెప్తా. లీగోళ్ల కాడికి పోతా. యాడికి రమ్మంటే ఆడికి వస్తా.”

“ఏమని చెప్తారు? పూజ నూనె అనా?” జెస్సీ నవ్వింది, నవ్వులా లేదు. “నా పేరు జెస్సీ, పెద్దమ్మా. ఆయుధపూజ వల్ల నా కాలు పోయిందని ఈ పేరుతో కాగితం పెడితే ఏమవుద్దో మీకు తెలీదు. ఆ రోజు నేనూ బొట్టు పెట్టించుకున్నా, బొరుగులు తిన్నా. అది ఎవడికీ గుర్తుండదు. రేపు మా నాన్న షాపు ముందుకొచ్చి నిలబడతారు.”

“మరి ఏం జెయ్యమంటావు?”

 కింద ఎక్కడో టైల్స్ కోసే మిషన్ చప్పుడు ఆగి ఆగి వస్తోంది.

“చెమట అని చెప్పండి.”

అక్కయమ్మకు అర్థం కాలేదు.

“అక్కడ చెమట ఉంది. మీరు చూసుకోలేదు. తుడవలేదు. నేను జారాను. అలా చెప్తే పూజ రాదు, నూనె రాదు, నేను దాచానన్న మాటా పోద్ది. అభిజిత్ సార్ కూడా ఒప్పుకుంటాడు. తప్పు ఏజెన్సీ మీదికి పోద్ది.”

“చెమట నేను యాడ ఇడిసినానమ్మా?” అక్కయమ్మ గొంతు మొదటిసారి పెరిగింది. “ఒక్క పొద్దన్నా ఇడిసినానా? నువ్వే చెప్పు. నీ ఎనకాలే ఉంటి కదా!”

“విడిచారని అనట్లేదు. విడిచానని చెప్పమంటున్నా.”

అక్కయమ్మ నా వైపు చూసింది. నేను ఏదైనా అంటానని చూసింది. నాకు రెండు పక్కలా న్యాయమే కనపడింది. ఆమె మోకాళ్ల మీద రెండు చేతులూ పెట్టుకుని నేల వైపు చూస్తూ కూర్చుంది. అది పాలిష్ చేసిన టైల్స్ నేల. ఒక చోట కాఫీ చుక్క ఎండి ఉంది. తెలియకుండానే కొంగుతో దాన్ని రుద్దింది.

“రాయప్పా,” అంది.

జెస్సీ నోటుపుస్తకంలోంచి కాగితం చింపి ఇచ్చింది. ఇంగ్లీషులో రాసి తెలుగులో చదివి వినిపించాను. ‘టైమ్ అవుట్ సమయంలో రింగుకు ఎడమ పక్క నేల మీద చాలా చెమట ఉంది. నా పరధ్యానం వల్ల నేను దాన్ని తుడవలేదు.’

“శానా చెమట అని రాయొద్దప్పా. ఒక చుక్క అను.”

“ఒక చుక్కకి ఎవరూ జారరు.”

“రెండు చుక్కలను.”

జెస్సీకి నవ్వు ఆగలేదు. ఈసారి నిజంగానే నవ్వింది, పట్టీ వేసిన కాలు కదిలేలా. తర్వాత ముఖం దిండులో పెట్టుకుంది. భుజాలు కదులుతూనే ఉన్నాయి.

“సరేలే. నీకు తోసినట్ల రాసుకో,” అంది అక్కయమ్మ. “ఆ పరధ్యానం అనేది మాత్రం తీసెయ్. మోకాళ్ల నొప్పితో లేయలేకపోతినని రాయి.”

“అలా రాస్తే పనికి పనికిరారని ఇంకెక్కడా తీసుకోరు పెద్దమ్మా,” అంది జెస్సీ దిండులోంచి.

అక్కయమ్మ పెన్ను తీసుకుంది. “అయితే అదే ఉండనీ.”

బ్యాంకు ఖాతా తెరిచేటప్పుడు నేర్చుకున్న కన్నడ అక్షరాలతో సంతకం పెట్టింది. ఒక్కో అక్షరానికీ పెన్ను ఎత్తి చూసుకుంది. లేచేటప్పుడు జెస్సీ కాలి పట్టీ మీద చెయ్యి వేయబోయింది.

“ముట్టుకోవద్దు.”

“మన్నించినావా పాపా?”

జెస్సీ ఆమె కళ్లలోకి చూసింది. “లేదు. సంతకం పెట్టారు, థాంక్స్. అది వేరే.”

“వేరేనేలే,” అంది అక్కయమ్మ. చెప్పులు వేసుకుని లిఫ్టు దగ్గర నిలబడింది. 

అభిజిత్ ఆ కాగితం రెండు సార్లు చదివాడు. అది నిజమా అని అడగలేదు. “ఇది ఓకే. దీన్ని మనం పంపొచ్చు,” అన్నాడు. తన కాగితంలో పాత గాయం సంగతి కొట్టేసి, ‘కోర్టు నిర్వహణలో సిబ్బంది నిర్లక్ష్యం’ అని రాయించాడు. జెస్సీ శనివారం చీరాల వెళ్లిపోయింది. ఆ సంస్థ ఆమె పేరు కొట్టేయలేదు, ఫిట్‌నెస్ పరీక్ష ఎనిమిది నెలలు వాయిదా వేసింది. ఎనిమిది నెలలకు ఆ మోకాలు ఏమంటుందో ఎవరూ చెప్పలేరు. మిగిలిన ఎనిమిది మ్యాచ్‌లలో మేము ఒకటి గెలిచాం. అదీ అవతలి జట్టులో ముగ్గురికి జ్వరాలు వచ్చినందువల్ల. ఎనిమిది జట్లలో ఏడో స్థానం. ఓనర్ గారు వచ్చే ఏడు ఆలోచిద్దామన్నారు.

అక్కయమ్మను ఏజెన్సీ తీసేసింది. తర్వాతి హోమ్ మ్యాచ్ రోజు మధ్యాహ్నం యూనిఫాం, ఐడీ కార్డు తిరిగి ఇవ్వడానికి ఆమె హాలుకు వచ్చింది. సరిగ్గా అప్పుడే అభిజిత్ సిబ్బందిని కోర్టు పక్కన నిలబెట్టి మాట్లాడుతున్నాడు. ఇరవై మందిమి ఉన్నాం. ఆమె అందరి వెనక, మడతపెట్టిన యూనిఫాం పొట్టకు ఆనించుకుని నిలబడింది. అభిజిత్ ఆమెను చూడలేదు.

“ఒక్కరి నెగ్లిజెన్స్ వల్ల సీజన్ పోయింది. చెమట కళ్ల ముందే ఉంది, లేచి తుడవడానికి బద్ధకం. ఇంకొక్కసారి అలా జరిగితే నేను ఊరుకోను. అక్కయమ్మలాగా పని చేసేవాళ్లు నాకొద్దు.”

ఒకరిద్దరు వెనక్కి తిరిగి చూశారు. నేను నా బూట్ల వైపు చూసుకున్నాను. ఆ కాగితం నా చేతిరాతలో ఉంది.

అందరూ వెళ్లాక ఆమె స్టూలు దగ్గరికి వచ్చింది. అక్కడ ఇప్పుడు మౌనిక అనే కొత్త పిల్ల కూర్చుని ఉంది. కదిరి నుంచి వచ్చి నెల కూడా కాలేదు. అక్కయమ్మ వంగి, రింగు వైపు చూపిస్తూ చెప్పబోయింది.

“పాపా, ఆ ఎడమ పక్క ఎక్కువ పడతారు. విజిల్ దాకా సూడొద్దు, ముందే లేయల్ల...”

“నాకు చెప్పినారులే అవ్వా,” అంది మౌనిక. “ఆ పొద్దు నువ్వు లేసి తుడిచింటే ఆ యక్క కాలు బాగుండు కదా.”

అక్కయమ్మ చూపుతున్న వేలు మడుచుకుంది.

“అవునమ్మా,” అంది. “తుడవల్సింది.”

యూనిఫాం ఎవరికివ్వాలో నన్ను అడిగింది. చూపించాను.